ఎం.ఎస్. గొంతు ఎందులో వినాలి: ప్లేటా, ఎల్పీయా, క్యాసెట్టా, సీడీయా, ఫోనా?

విశాఖలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతును వెతుక్కోవాల్సిన పని లేదు. తెల్లారగట్ల ఏ వీధిలో నిలబడ్డా ఏదో ఒక గుడి మైకులోంచి సుప్రభాతం వస్తుంది. అయితే అక్కడ వినిపించేది ఆవిడ గొంతులో కొంత భాగమే. ఐదో శ్రుతిలో పాడేవారి ఆధార షడ్జం, అంటే పాట అంతా ఆనుకుని నడిచే 'స' స్వరం, 196 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. గుడి మీద కట్టే బూరా స్పీకర్లు 300 హెర్ట్జ్ కింద దాదాపు మూగవి. అంటే ముప్పై ఏళ్లుగా సుప్రభాతం వింటున్నవాళ్లు కూడా ఆ షడ్జాన్ని నేరుగా విన్నది తక్కువ. షడ్జంతో పాటే పుట్టే పై ధ్వనులను పట్టుకుని చెవి దాన్ని ఊహించుకుంటోంది.

అక్కడితో ఆగకుండా ఆవిడ పాత ప్లేట్లు (గ్రామఫోన్ మీద వేసే లక్క రికార్డులు), కచేరీలు వినాలనుకున్నవాళ్లకు వచ్చే సందేహం ఒకటే. తాతగారి గ్రామఫోన్ బాగుచేయించాలా, ఎల్పీ (ఎక్కువసేపు పాడే వినైలు రికార్డు) ప్లేయరు కొనాలా, సీడీలు వెతకాలా, ఫోనులో దొరికింది చాలా? పాతది కాబట్టి అదే అసలైనదనుకోవడం ఎంత పొరపాటో, శుభ్రం చేసింది కాబట్టి అదే మంచిదనుకోవడం కూడా అంతే పొరపాటు. ఆవిడ గొంతుకూ మన చెవికీ మధ్య ఎవరెవరు చెయ్యి పెట్టారు, ఎంత గట్టిగా పెట్టారు అన్నదాన్ని బట్టే ఎంచుకోవాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

శ్రుతి. అన్నిటికన్నా ఇది ముఖ్యం. రికార్డు తిరిగే వేగం 6 శాతం పెరిగితే ఐదో శ్రుతి పాట ఒక మెట్టు పైకి, ఐదున్నరకి ఎక్కి కూర్చుంటుంది. 3 నిమిషాల 10 సెకన్ల పాట 2 నిమిషాల 59 సెకన్లకే అయిపోతుంది. గొంతు సన్నబడుతుంది, గమకాలు కంగారుగా ఊగుతాయి. "చిన్నతనంలో ఎంత చురుగ్గా పాడేదో" అని మురిసిపోయే చోట కొన్నిసార్లు ఆ చురుకు మోటారుది. నిమిషానికి 78 చుట్లు తిరగాలి కాబట్టి 78 ప్లేటు అని పేరే గాని, ఒకటి రెండు చుట్ల తేడాతో కోసినవి చాలానే ఉన్నాయి. టేపు సాగినా, బెల్టు వదులైనా ఇదే గొడవ, దిశ మాత్రం ఎటైనా కావచ్చు.

ఎంత కడిగారు. ప్లేటులోని చిటపట, సరసర శబ్దాలను కంప్యూటరుతో తీసేయవచ్చు. ఆ సరసర ఉన్న స్థాయిలోనే తంబురా నాదం చివరి అంచు, ఊపిరి, 'స' 'శ' 'చ'ల పదును, వయొలిన్ కమాను రాపిడి కూడా ఉంటాయి. మరక పోవాలని మరీ గట్టిగా ఉతికితే రంగు కూడా వదులుతుంది.

నిడివి. 10 అంగుళాల ప్లేటు ఒక వైపు 3 నిమిషాల చిల్లర, 12 అంగుళాలది నాలుగు, నాలుగున్నర నిమిషాలు. ఎల్పీ ఒక వైపు 20 నుంచి 25 నిమిషాలు. ప్లేటులో కృతి పట్టాలంటే ఆలాపన అర నిమిషానికి కుదించాలి, సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే రూపాలు) కొన్ని వదలాలి. అది గాయని ఎంపిక కాదు, ప్లేటు వెడల్పు చేసిన పని.

మన గాలి. పుస్తకాల్లో రాసే సలహాలు ఎక్కువగా పొడి, చలి దేశాలకు సరిపోయేవి. బీచ్ రోడ్డుకి ఎదురుగా, ఎంవీపీ కాలనీలో, పెదవాల్తేరులో కిటికీలు తీసి ఉంచే ఇంట్లో తేమకి టేపు బూజు పడుతుంది, ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడతాయి. ఏది కొన్నా దాన్ని కాపాడుకోవడం కూడా లెక్కలో వేసుకోవాలి.

## ఏ వయసు గొంతు కావాలి?

ఈ ప్రశ్నకి జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే. ఆవిడ 1916లో పుట్టారు. 1926లో, పదేళ్లప్పుడు, హెచ్‌ఎంవీ రికార్డు కంపెనీకి తొలి ప్లేటు ఇచ్చారు. 1930లు, 40ల గొంతు, 1945 నాటి తమిళ సినిమా 'మీరా' దాకా, ప్రధానంగా 78 ప్లేట్ల మీదే ఉంది. తేలిగ్గా పైస్థాయికి లేచి, సంగతులను గింజలు దొర్లించినట్టు దొర్లించే గొంతు అది. ఎంత మంచి సీడీ కొన్నా దాని మూలం ప్లేటే కాబట్టి, 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ పైన గొంతు కన్నా రాపిడే ఎక్కువ ఉంటుందని ముందే ఒప్పుకోవాలి.

1960ల గొంతు టేపు మీద పుట్టి ఎల్పీలోకి వెళ్లింది. 1963 నాటి సుప్రభాతం, 1966 అక్టోబర్ 23న ఐక్యరాజ్యసమితిలో చేసిన కచేరీ ఈ కాలానివి. మంద్రంలో (కింది స్థాయిలో) బరువు, తారస్థాయిలో (పై స్థాయిలో) నిలకడ రెండూ ఒకచోట దొరికేది ఇక్కడే. పక్కన వెంట పాడే రాధా విశ్వనాథన్ గొంతు ఉంటుంది. ఇద్దరినీ విడదీసి వినగలగడం ఆడియో నాణ్యతకి మంచి పరీక్ష. నాసిరకం కాపీలో రెండు గొంతులూ కలిసి ఒకే ముద్దలా వస్తాయి.

ఇక 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం కోసం పాడిన బాలాజీ పంచరత్నమాల రికార్డులు. అప్పటికి ఆవిడకి అరవై దాటాయి. శ్రుతి కాస్త దిగింది, వేగం తగ్గింది, మాట మీద శ్రద్ధ పెరిగింది. విశాఖవాళ్లకు దీనితో దగ్గరి చుట్టరికం ఉంది. అందులో కొన్ని అన్నమయ్య కీర్తనలకు వరసలు కట్టి ఆవిడకు నేర్పినది గాయకుడు నేదునూరి కృష్ణమూర్తి. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని, చివరికి విశాఖలో స్థిరపడి, 2014లో ఇక్కడే కన్నుమూసిన మనిషి. రేవతి రాగంలో 'నానాటి బతుకు నాటకము' ఆయన కట్టిన వరసే. తెలుగు మాతృభాష కాని గాయని 'ట' 'త'లను, ద్విత్వాలను ఎక్కడ ఎలా ఆనించిందో వినాలంటే ఈ రికార్డులే దారి. దానికి 78 ప్లేటు యంత్రం అక్కర్లేదు, మంచి సీడీ చాలు.

## 78 ప్లేటు

దీన్ని వినడానికి రెండు దారులున్నాయి. రెంటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

మొదటిది కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్. దాని సౌండుబాక్సు (ముల్లు బిగించే డబ్బీ) ప్లేటు మీద వంద గ్రాముల పైన బరువు మోపుతుంది. లక్కలో రాతిపొడి కలిపి ప్లేటు చేసేది ఉక్కు ముల్లు కొనను అరగదీసి గాడికి సరిపోయేలా చేయడానికే. అందుకే ఒక ముల్లు ఒక వైపుకే. రెండో వైపుకి అదే ముల్లు వాడితే అరిగి ఉలిలా మారిన కొన గాడి గోడల్ని చెక్కేస్తుంది. పాత ప్లేట్లలో బిగ్గరగా పాడిన చోట్లే గొంతు చిరిగినట్టు వినిపించడానికి ఎక్కువగా కారణం ఇదే. ఎవరో యాభై ఏళ్ల కిందట ముల్లు పిసినారితనం చేశారు. గ్రామఫోన్‌లో వినడం ఒక ముచ్చటే, కాదనక్కర్లేదు. కాని ఇంట్లో ఒక్కటే ఉన్న ఎం.ఎస్. ప్లేటును మాత్రం దాని మీద పెట్టకండి.

రెండోది 78 వేగం ఉన్న విద్యుత్ టర్న్‌టేబుల్. కొనేటప్పుడు ఈ నాలుగూ చూడండి.

ముల్లు: ఎల్పీ ముల్లు కొన 0.7 మిల్లు లేదా 1 మిల్లు ఉంటుంది (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు). 78 గాడికి 3 మిల్లుల ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు పెడితే గాడి అడుగుకి జారిపోయి అక్కడి దుమ్మునే వినిపిస్తుంది. "ప్లేటు పాడైపోయింది" అని పారేసినవాటిలో కొన్ని నిజానికి ముల్లు తప్పు వల్ల పోయినవే.

బరువు: 3 నుంచి 5 గ్రాములు, క్యాట్రిడ్జి (ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చే భాగం) తయారీదారు చెప్పినంత. బరువు మరీ తక్కువైతే ముల్లు గెంతుతుంది, ఆ గెంతుడు కూడా గాడికి దెబ్బే.

మోనో (ఎడమ కుడి తేడా లేని ఒకే ధ్వని): ప్లేటులో గొంతు అడ్డంగా ఊగే గాడిలో ఉంటుంది. స్టీరియో క్యాట్రిడ్జి నిలువు కదలికను కూడా తీసుకుంటుంది, అక్కడ ఉన్నది గరగర తప్ప మరేం కాదు. ఆంప్లిఫయరులో మోనో మీట ఉంటే నొక్కండి. గరగర ఒక్కసారిగా తగ్గడం చెవికి తెలుస్తుంది. ఖర్చు లేకుండా దొరికే మేలు ఇది.

ఈక్వలైజేషన్ (కోసేటప్పుడు పెంచిన పై ధ్వనులను వినేటప్పుడు తిరిగి తగ్గించడం): ఇప్పటి ఫోనో ప్రీఆంప్లు (క్యాట్రిడ్జి నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని పెంచే పెట్టెలు) 1954 తర్వాత స్థిరపడిన ఆర్ఐఏఏ అనే ప్రామాణిక పద్ధతిలో 10 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 14 డెసిబెల్స్ తగ్గిస్తాయి. అంతకు ముందు ప్లేట్లలో అంత పెంచి కోయలేదు కాబట్టి గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టు వస్తుంది. ట్రెబుల్ పెంచితే కొంత, కంప్యూటరులో సరిచేస్తే పూర్తిగా బాగవుతుంది.

వేగం సరిచూడటానికి టర్న్‌టేబుల్ మీద పెట్టే, గీతలున్న స్ట్రోబ్ చక్రం వాడతారు. మన 50 హెర్ట్జ్ కరెంటుకి 77 గీతల చక్రం నిలిచినట్టు కనిపిస్తే వేగం నిమిషానికి 77.92 చుట్లు. ఎల్పీకయితే 180 గీతలు. కాని చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద ఈ పరీక్ష పనిచేయదు, అవి కరెంటుతో పాటు మినుకుమనవు. పాత చోకు ట్యూబులైటు కింద చూడండి. యంత్రం సరైన వేగంలో ఉన్నా ప్లేటు వేరే వేగంలో కోసింది కావచ్చు. అందుకని ముందుకీ వెనక్కీ 5 శాతమైనా జరపగల పిచ్ మీట ఉన్నదే కొనాలి.

పాత ప్లేట్లు కొనేటప్పుడు దీపం వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకోండి. గాడులు నల్లగా నిగనిగలాడితే మంచిది, బూడిద రంగు తేలితే అరిగిపోయింది. గీత కన్నా ఈ బూడిద రంగే పెద్ద లోపం. గీత ఒక టక్కు శబ్దంతో పోతుంది, అరుగుదల పాట పొడుగునా ఉంటుంది. వన్‌టౌన్, పూర్ణా మార్కెట్ వైపు పాత ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు అటకల మీంచి దిగే పెట్టెల్లో ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉంటాయి. కింద ఉన్నవి వంగి గాని, పగిలి గాని ఉంటాయని అనుకునే బేరం ఆడండి.

కడగడానికి స్పిరిట్ జోలికి వెళ్లవద్దు. లక్క ఆల్కహాల్లో కరుగుతుంది, ఒక్క తుడుపుకే గాడి పోతుంది. ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు లీటరులో ఒక చుక్క గిన్నెల సబ్బు ద్రవం వేసి, మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడి తిప్పి, వెంటనే మామూలు డిస్టిల్డ్ వాటరుతో కడిగి ఆరబెట్టాలి. బోరునీళ్లు వద్దు, ఎండాక గాడిలో తెల్లటి ఉప్పు మిగులుతుంది. లేబులు తడిస్తే ఊడుతుంది.

## ఎల్పీ

1960ల గొంతుకి ఇది సహజమైన ఇల్లు. ఒక వైపు ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టడం కూడా దీని గుణమే. ముల్లు బరువు సాధారణంగా 1.5 నుంచి 2 గ్రాములు. చూడముచ్చటగా ఉండే సూట్‌కేసు ప్లేయర్లలో ఈ బరువు 5 గ్రాముల దాకా పోతుంది, సర్దుకునే వీలుండదు. అరుదైన ఎల్పీని అలాంటివాటిలో పదే పదే వేయకూడదు. వజ్రపు ముల్లుకి 500 నుంచి 1000 గంటల ఆయుష్షు. రోజుకో ఎల్పీ రెండు వైపులా వింటే రెండు మూడేళ్లకి మార్చుకోవాలి.

ఎల్పీలో ఒక లోపం అందరినీ మోసం చేస్తుంది. లేబులు దగ్గరికి వచ్చేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది, ఒక సెకను పాటకి దక్కే గాడి పొడవు తగ్గుతుంది. అందువల్ల ఒక వైపు చివరి పాటలో 'స'లు ఇసుక రాలినట్టు వస్తాయి. గొంతు అలసిపోయిందనుకుంటారు. క్యాట్రిడ్జి అమరికను కాగితపు ప్రొట్రాక్టరు పెట్టి సరిచేస్తే చాలావరకు తగ్గుతుంది. ఒక ఎల్పీ కొనేముందు పరీక్షించాలంటే మొదటి పాట కాదు, చివరి రెండు నిమిషాలు వేయించుకోండి.

కొన్ని పాత మోనో రికార్డింగులను తర్వాత కృత్రిమ స్టీరియోగా మార్చి అచ్చేశారు. గొంతు మధ్యలో నిలబడక ఎడమ కుడులకు పూసినట్టు ఉంటే అదే సంగతి. అట్ట మీద మోనో అని ఉన్న పాత ప్రతి దొరికితే దాన్నే తీసుకోండి.

సుప్రభాతం ఎల్పీ ఇంటింటా ఉండేది. కాబట్టి అందరికన్నా ఎక్కువగా అరిగిపోయి దొరికేది కూడా అదే. దానికి ఎక్కువ ధర పెట్టకండి.

మన ఊళ్లో నిలవ ఉంచడం: ఎల్పీలు నిలువుగా, ఒరగకుండా, సముద్రం వైపు గోడకు ఆనకుండా, ఇంటి మధ్యగదిలో. మే నెలలో కారులో అరగంట వదిలినా వంగిపోతాయి. ప్లాస్టిక్ లోపలి సంచి పైన కాగితపు అట్ట, బీరువాలో రంగు మారే సిలికా జెల్ పొట్లాలు పెట్టి, రంగు మారగానే వేయించి మళ్లీ వాడుకోవచ్చు. వినైలుకి మాత్రం నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటరులో ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి తుడవవచ్చు. ఆ సీసా మీద "78కి కాదు" అని పెద్దక్షరాలతో రాసి అతికించండి.

## క్యాసెట్, స్పూల్

క్యాసెట్లను వినడానికి ఎంచుకోవద్దు, కాపాడటానికి ఎంచుకోండి. అచ్చు క్యాసెట్లలో ఉన్న పాటలు మెరుగైన రూపంలో ఎక్కడో దొరుకుతాయి. రేడియోలోంచో, సభలోంచో ఎవరో ఎక్కించుకున్న కచేరీ క్యాసెట్ మాత్రం లోకంలో అదొక్కటే కావచ్చు. మూడు నిమిషాల ప్లేటులో పట్టని రాగాలాపన, నెరవు (ఒక పంక్తినే విస్తరించి పాడటం), తనియావర్తనం (మృదంగం వంటి తాళవాద్యాలు ఒంటరిగా వాయించే భాగం) అలాంటివాటిలోనే మిగిలాయి.

ముందు కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. తెల్లటి పొడి కనిపిస్తే బూజు. దాన్ని ప్లేయరులో పెట్టవద్దు. హెడ్డుకి అంటి, తర్వాత వేసిన ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. బూజు లేకపోతే: హెడ్డును ఐసోప్రొపైల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా ముందుకీ వెనక్కీ తిప్పి బిగువు సర్ది, ఆపై హెడ్డు పక్కనున్న, దాని వాలును సరిచేసే అజిమత్ స్క్రూను 'స' శబ్దం అత్యంత పదునుగా వినిపించేదాకా చిన్నగా తిప్పాలి. ప్రతి క్యాసెట్‌కీ ఇది మళ్లీ చేయాలి, ఎక్కించిన యంత్రాలు వేరు కదా. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా, శబ్దం గరిష్ఠంగా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా రికార్డు చేయండి. గంటకి సుమారు 1 జీబీ అవుతుంది. శుభ్రం చేయడం ఆ ఫైలు నకలు మీదే, మూలం మీద ఎప్పుడూ కాదు.

స్పూల్ టేపు (పెట్టె లేకుండా చక్రానికి చుట్టిన టేపు) దొరికితే చేయి పెట్టకుండా తెలిసినవాళ్లకు అప్పగించడం మేలు.

## సీడీ

చాలామంది ఇళ్లకు ఇదే సరైన జవాబు. హెచ్‌ఎంవీ భండారం ఇప్పుడు సారెగామా కంపెనీ చేతిలో ఉంది, దాని సీడీలు కొత్తవీ పాతవీ దొరుకుతూనే ఉంటాయి. మోటారు వేగం గొడవ ఉండదు, వింటే అరగదు, వర్షాకాలానికి భయపడదు.

తేడా అంతా ఎవరు ఎంత కడిగారన్న దగ్గరే వస్తుంది. ఒకే పాట రెండు సీడీల్లో రెండు రకాలుగా ఉంటుంది. కొనేముందు ఎక్కడైనా ఒక్క నిమిషం విని చూడండి, ఈ గుర్తులుంటే వదిలేయండి. చరణాల మధ్య ఆగినప్పుడు తంబురా కూడా ఆగిపోతుంది, గొంతు మొదలవగానే మళ్లీ వస్తుంది. నిశ్శబ్దంలో నీటి కింద గజ్జెలు మోగినట్టు చిన్న చిన్న మిణుకులు. ఊపిరి ఎక్కడా వినబడదు. మృదంగం చాపు దెబ్బకి అంచు లేదు, దిండు మీద కొట్టినట్టు ఉంది. పైగా పెద్ద హాలులో పాడినట్టు కలిపిన ప్రతిధ్వని. ఇవి ఒకసారి తీసేశాక తిరిగి రావు.

దానికి బదులు మొదట్లో కాసేపు సరసర విసిగించే సీడీని తీసుకోండి. రెండు నిమిషాలయ్యాక చెవి ఆ సరసరను పక్కకి నెట్టేస్తుంది, బీచ్ రోడ్డులో కూర్చుని మాట్లాడుకునేవాళ్లు అలల హోరును మర్చిపోయినట్టే. పోయిన తంబురాను మాత్రం ఏ చెవీ తిరిగి తెచ్చుకోలేదు.

## ఫోను, రేడియో

దొరకడంలో దీనికి సాటి లేదు. నమ్మకంలో అన్నిటికన్నా కింద. కుర్ర వయసు ఫొటో పెట్టి అరవై ఏళ్ల గొంతు వినిపిస్తారు. రాగం పేరు తప్పు, సంవత్సరం తప్పు. ఈ మధ్య కృత్రిమ మేధతో గొంతును, వాద్యాలను విడదీసి "శుభ్రం" చేసినవి ఎక్కువయ్యాయి. వాటిలో వయొలిన్ గొంతు వెంట నడిచే చోట్ల సగం వయొలిన్ గొంతులోకి అతుక్కుపోయి వింత రంగు వస్తుంది. రికార్డు కంపెనీ సొంత ఖాతాలో ఉన్నది, లేదా ప్లేటు లేబులు ఫొటో, నంబరు, ఏ ముల్లుతో ఎక్కించారో రాసిన సేకర్తల ఖాతాలో ఉన్నది వెతకండి. నంబరు రాసేవాడికి వేగం మీద కూడా శ్రద్ధ ఉంటుంది.

శాస్త్రీయ సంగీతం వేసే ఆకాశవాణి రాగం ఛానెల్ వేరే సంగతి. 1952లో జాతీయ సంగీత కార్యక్రమం మొదలైన నాటి నుంచి పెద్ద పెద్దవాళ్ల కచేరీలు దాచుకున్న సంస్థ అది. ఏది ఎప్పుడు వస్తుందో మన చేతిలో ఉండదు గాని, వచ్చిందంటే నిడివి తగ్గించని పాట వస్తుంది.

| | శ్రుతి నమ్మకం | కడిగే ముప్పు | పాట నిడివి | మన తేమలో | ఓపిక |
|---|---|---|---|---|---|
| 78 ప్లేటు | మనమే సరిచూడాలి | లేదు | 3–4½ నిమిషాలు | పగలడం, బూజు | చాలా కావాలి |
| ఎల్పీ | బాగుంటుంది | తక్కువ | వైపుకి 20–25 నిమిషాలు | వంగడం, బూజు | కావాలి |
| క్యాసెట్ | తక్కువ | లేదు | 60–90 నిమిషాలు | అన్నిటికన్నా బలహీనం | ఎక్కించేదాకా |
| సీడీ | బాగుంటుంది | ప్రతిని బట్టి | 70 నిమిషాలు పైన | గట్టిది | అక్కర్లేదు |
| ఫోను | అదృష్టం | చాలా ఎక్కువ | ఎంతైనా | ఇబ్బంది లేదు | వెతకడానికి |

## ఎవరికి ఏది

సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు: సీడీ, లేదా కంపెనీ ఖాతాలోని ఆడియో. సంగతి నేర్చుకోవాలంటే శ్రుతి నిలకడగా ఉండాలి, వెనక్కి తిప్పి పదిసార్లు వినగలగాలి. ప్లేటు మీద పదిసార్లు వెనక్కి వేస్తే ఆ చోటు అరిగిపోతుంది. కుదించిన 78 పాఠాన్ని పూర్తి పాఠం అనుకుని నేర్చుకోకుండా గురువుగారిని ఒకమాట అడగాలి.

కళాభారతి ఆడిటోరియంలో కచేరీలకు వెళ్లే అలవాటున్నవాళ్లు, సాయంత్రం ఒక గంట తీరిగ్గా కూర్చునేవాళ్లు ఎల్పీ తీసుకోవచ్చు. కానీ ఎదురుగా సముద్రం ఉన్న ఫ్లాటయితే ఆ డబ్బుతో ముందు ఒక మంచి మూతబీరువా కొనాలి. ఎల్పీలు తర్వాత. ఇది వినడానికి చేదుగా ఉంటుంది, రెండు వర్షాకాలాలు గడిచాక అర్థమవుతుంది.

పెద్దవాళ్లకు కొనిపెట్టేవాళ్లు ముందు వాళ్ల చెవిని చూడాలి. వయసుతో పై ధ్వనులు వినబడటం తగ్గుతుంది, కాబట్టి కాస్త సరసర ఉన్న ప్రతి వాళ్లకి ఇబ్బందే పెట్టదు. మీట ఒక్కటే ఉండి నొక్కగానే పాడే పెట్టె చాలు. దాన్ని గుడి మైకు స్థాయికి పెంచకుండా, తల ఎత్తుకి, మూడు నాలుగడుగుల దూరంలో పెట్టండి. చిన్న స్పీకరును గోడ మూలకి చేర్చితే మంద్రం కాస్త నిండుగా వస్తుంది.

ఇంట్లో పాత ప్లేట్ల పెట్టె వారసత్వంగా వచ్చినవాళ్లు వెంటనే యంత్రం కొనవద్దు. ముందు లేబుళ్ల ఫొటోలు తీసి జాబితా రాయండి. అందులో ఉన్నవి సీడీలో వచ్చేశాయో లేదో చూడండి. వచ్చేసినవాటికి యంత్రం ముచ్చటకే, రానివాటిని ఒక్కసారి మంచి యంత్రం మీద ఎక్కించి దాచడం అవసరం. పూర్తిగా సేకరణలోకి దిగాలనుకుంటే మాత్రం 3 మిల్లుల ముల్లు, పిచ్ మీట, మోనో మీట ఈ మూడూ లేకుండా మొదలుపెట్టకండి.

## దొరికిన ప్రతి సరైనదో కాదో చూసే పద్ధతి

ఫోనులో తంబురా యాప్ తెరవండి. పాట షడ్జానికి దాన్ని కలపండి. ఐదు, ఐదున్నర లాంటి మెట్టు మీద కాకుండా రెండు మెట్ల మధ్య ఆగితే అనుమానించాలి, అప్పుడే తీర్పు చెప్పవద్దు. తంబురాలు అలా కూడా కలుపుకుంటారు. అదే కాలానికి చెందిన మరో రెండు మూడు పాటలు కలిపి చూడండి. అన్నీ ఒకచోటే ఉండి ఒక్కటి మాత్రం పైకి తేలితే వేగం తప్పింది ఆ ఒక్కదానిదే.

మాట ఉన్న రికార్డు ఇంకా తేలిక. 'భజగోవిందం' రికార్డు మొదట్లో రాజాజీ మాట్లాడతారు. వయసు మీదపడిన పెద్దాయన నెమ్మదిగా మాట్లాడే గొంతు అది. ఆయన చలాకీగా వినిపిస్తున్నారంటే ఆ కాపీ పరుగెడుతోంది, వెనక వచ్చే ఎం.ఎస్. గొంతు కూడా పరుగులోనే ఉంటుంది.

తర్వాత చెవిపోగు స్పీకర్లు తీసేసి పెద్ద హెడ్‌ఫోను పెట్టుకుని, శబ్దం తగ్గించి, పల్లవికీ అనుపల్లవికీ మధ్య ఆగే చోట మాత్రమే వినండి. అక్కడ తంబురా ఉందా, ఊపిరి ఉందా. రెండూ ఉంటే ఆ ప్రతిని ఉంచుకోండి, లేబులు నంబరు, వేగం సరిచేశారా లేదా, ఎక్కడ దొరికిందీ ఫైలు పేరులోనే రాసుకోండి. ఆరునెలలకి ఫోనులో అదే పాట అయిదు రూపాల్లో ఉంటుంది, ఏది ఏదో గుర్తుండదు.